వాలు మీద గొంతు

ఒక్క ప్రశ్న అడుగుతాను, గుండె మీద చెయ్యేసుకుని జవాబు చెప్పండి. ఫలానా చోట దెయ్యం ఉందని ఎవరైనా అన్నప్పుడు ఆ చోటు వంక భయంగా చూసి ఉంటారు, సరే. ఆ మాట అన్నవాడి మొహం వంక ఎప్పుడైనా చూశారా?

చూసి ఉండరు. అలా చూడకపోబట్టే ఒక మనిషిని రెండుసార్లు చంపారు. ఆ సంగతే చెప్పబోతున్నాను.

మన నేషనల్ పార్కులో ఒక వాలు ఉంది. ఎడమవైపు కొండ, కుడివైపు లోయ, నడుమ రెండు బ్యాటరీ సైకిళ్ళు పక్కపక్కన పట్టేంత దారి. వాలు మొదలయ్యే చోట ఒక పసుపు రాయి. పగలు చూస్తే ఎవరికైనా ఫోటో తీసుకోవాలనిపిస్తుంది. పొద్దు వాలాక మాత్రం... ఆ రాయి దగ్గర ఎవరూ కాలు కింద పెట్టరు.

పెడితే ఆడగొంతు గుసగుసలాడుతుందట. వెనకనుంచో చెట్లలోంచో కాదు — సరిగ్గా చెవిలో.

ఫోటో కోసం ఆగిన ఒక కొత్త జంట బళ్ళు అక్కడే పారేసి, చెప్పులు కూడా వదిలేసి పరిగెత్తుకొచ్చిందట. ఒక పెద్దాయన వారం రోజులు జ్వరంతో మంచం దిగలేదట. బళ్ళు అద్దెకిచ్చే కౌంటరులోనైతే తాళంచెవి చేతిలో పెడుతూనే చెబుతారు: "పసుపు రాయి దగ్గర మాత్రం ఆగకండి. ఆగకుండా దిగిపోండి."

ఆగకుండా దిగిపోండి. ఈ మాట గుర్తుంచుకోండి.

ఈ కథ వెనక అసలు సంగతి నాకు చెప్పింది నా రూమ్మేటు. మా డిబేటు జట్టులో అందరం ఆమెను పిల్లి అంటాం. అడుగు చప్పుడు వినపడదు, మాట అంతకన్నా వినపడదు. నేను వేదిక మీద బల్లలు గుద్దుతుంటే కింద కూర్చుని పాయింట్లు రాసి అందించేది తనే. ఒకసారి కరెంటు పోయి, చీకట్లో కూర్చుని దెయ్యాల కథలు చెప్పుకుంటున్నాం. నేను ఆ పసుపు రాయి కథ ఎత్తుకున్నాను. మంచి ఊపు మీద ఉండగా, పిల్లి మోకాళ్ళు దగ్గరికి తీసుకుని —

"ఆ దెయ్యం మా అమ్మే" అంది.

నేను నవ్వాను. తను నవ్వలేదు.

వాళ్ళమ్మ ఆ పార్కులో గైడుగా పనిచేసేది. జనాన్ని వెంటబెట్టుకుని నడిపిస్తూ, ఏ చెట్టు ఏమిటో, ఏ గుట్ట వెనక ఏముందో చెప్పడం ఆమె పని. తర్వాత బ్యాటరీ సైకిళ్ళు వచ్చాయి. గైడు అక్కర్లేదు, ఎవరి టూరు వాళ్ళే తిరగొచ్చు అన్నారు. హెల్మెట్‌లో చెవుల దగ్గర చిన్న స్పీకర్లు పెట్టారు. బండి ఏ చోటికి చేరితే ఆ చోటి గురించి ఒక గొంతు చెబుతుంది. గైడులందరినీ ఇంటికి పంపేశారు — ఆ గొంతు కోసం ఈమెను ఒక్కదాన్నీ ఉంచుకుని.

స్టూడియోలో కూర్చుని చదివితే జీవం ఉండదని దారి పొడుగునా తిప్పి చెప్పించారు. ముందు బండి మీద ఆమె, కాలరుకి మైకు. వెనక బండి మీద రికార్డింగు పెట్టెతో ఒక సూపర్‌వైజరు. సగం దారి పూర్తయింది. ఒక సాయంత్రం ఆ వాలు మీద ఆమె బండితో సహా లోయలో పడిపోయింది.

చూసినవాడు సూపర్‌వైజరు ఒక్కడే. "రెండు చేతులూ వదిలేసి ఆటలాడింది. వద్దంటే వినలేదు" అన్నాడు. కాగితాల్లో నిర్లక్ష్యం అని రాసుకున్నారు. అంతే, మూసేశారు.

మరి రికార్డు చేసిన సగం? పారేస్తారా! మనిషి పోయింది గానీ గొంతు పనికొచ్చింది. పసుపు రాయి దాకా ఆమె గొంతే ఉంచారు. వాలు దిగాక ఇంకో ఆవిడతో చెప్పించి అతికించారు. అంటే ఆ వాలు మీద నిజంగానే గొంతు మారిపోతుంది. ఇక దెయ్యం పుట్టడానికి ఇంకేం కావాలి?

"అన్నం గిన్నె దించడానికి కూడా గుడ్డ రెండు మడతలు వేసేది మా అమ్మ" అంది పిల్లి. "అలాంటిది చేతులు వదిలేసిందట. నేను నమ్మలేదు. కానీ ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరు. ఎత్తకపోతే... నమ్మినట్టే కదా?"

అందుకని వెళ్ళింది. తోడుగా వాళ్ళ మామయ్య. అమ్మకు సొంత తమ్ముడు, సొంత నీడకు కూడా పక్కకు జరిగి దారిచ్చే రకం. ఆ ఘోరం జరిగినప్పుడు దూరాన వేరే ఊళ్ళో పనిలో ఉన్నాడు. పిల్లి అప్పటికి చిన్నపిల్ల. ఆ సూపర్‌వైజరు ఎవరో, ఎలా ఉంటాడో ఇద్దరికీ తెలియదు.

కౌంటరు దగ్గరికి చేరేసరికి సాయంత్రమైంది. కౌంటరాయన నెరిసిన జుట్టుతో, మెత్తటి మాటతో, ఇంట్లో పెద్దన్నయ్యలా ఉన్నాడట. హెల్మెట్ పట్టీ తనే సరిచేశాడు. పిల్లి బండెక్కి బ్రేకులు నొక్కి చూసింది.

"అన్నా, వెనక బ్రేకు వదులుగా ఉంది."

"ఏం కాదమ్మా, తిరిగొచ్చాక చూద్దాంలే. వెలుతురు పోతోంది, బయల్దేరండి." రెండడుగులు వెనక్కి వేసి, మళ్ళీ పిలిచి మరీ చెప్పాడు. "పసుపు రాయి దగ్గర మాత్రం..."

"ఆగం బాబూ, ఆగం!" అన్నాడు మామయ్య. "మీరు బతిమాలినా ఆగం."

బండి కదిలింది. చెవిలో గొంతు వచ్చింది.

"నమస్కారం. తొందరేం లేదు, మెల్లగా రండి. నేనూ మీతోనే ఉంటాను..."

పిల్లికి కళ్ళు మసకబారాయి. అద్దం ఉన్న హెల్మెట్‌లో ఏడిస్తే తుడుచుకునే వీలు కూడా ఉండదట. పక్క బండి మీద మామయ్య ముక్కు ఎగబీల్చుకుంటూ, "అక్కే... చిన్నప్పుడు నన్ను తిట్టిన గొంతే ఇది. ఇప్పుడు మర్యాదగా మాట్లాడుతోంది, అదొక్కటే తేడా" అన్నాడు.

చెట్లు దాటారు. వాగు దాటారు. జింకలు నీళ్ళు తాగే చోటు గురించి అమ్మ చెబుతోంది. చీకటి పడుతోంది...

పసుపు రాయి.

"ఇక్కడ వాలు మొదలవుతుంది" అంది గొంతు. "రెండు బ్రేకులూ కలిపి, మెల్లగా పట్టండి. కుడివైపు లోయ అందంగా ఉంటుంది. దాన్నే చూస్తూ బండి నడపకండి."

పిల్లి కాలు కింద పెట్టింది.

"తల్లీ, ఆగకు!" మామయ్య గొంతు కీచుమంది. "నీకు దణ్ణం పెడతాను, ఆయన అన్నిసార్లు చెప్పాడు కదా!"

"నువ్వెళ్ళు మామయ్యా."

"నిన్నొదిలి వెళ్తే మీ అమ్మ లేచొచ్చి..." అని, నాలిక కరుచుకుని తనూ ఆగాడు.

గాలి లేదు. ఆకు కదల్లేదు. చెవిలో సన్నటి హోరు, చీకటే చప్పుడు చేస్తున్నట్టు. చాలాసేపు... చాలా చాలాసేపు... ఇంకేం లేదనుకుని పిల్లి పెడలు మీద కాలు పెట్టబోయింది.

ఎవరో ఊపిరి తీసుకున్నారు.

తన చెవిలో.

"అన్నా..." అంది గుసగుసగా ఆ గొంతు. "అన్నా, ఇలా చూడు..."

మామయ్య ఒక్క కేక పెట్టి హెల్మెట్ పీకి విసిరేశాడు. బండి అటు, ఆయన ఇటు. రాయి వెనక నక్కి — అంతలోనే తల పైకెత్తాడు.

"పోయింది! తీస్తే పోయింది తల్లీ!" పాక్కుంటూ వెళ్ళి హెల్మెట్ అందుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇందులో ఉంది. గాల్లో లేదు... ఇందులోనే ఉంది!"

పిల్లి వినట్లేదు. పిల్లి అమ్మను వింటోంది.

"వెనక బ్రేకు మళ్ళీ పట్టట్లేదన్నా. పొద్దున కూడా చెప్పాను."

తర్వాత మగగొంతు. కాస్త దూరంగా, మెత్తగా, పెద్దన్నయ్యలా.

"ఏం కాదమ్మా, తిరిగొచ్చాక చూద్దాంలే. వెలుతురు పోతోంది. బయల్దేరు."

"నిన్నా ఇదే అన్నావు. నాకు పాప ఉందన్నా, నవ్వులాట కాదు..."

"ఈ ఒక్క వాలే కదమ్మా. రెండు చేతులతో గట్టిగా పట్టుకో, అంతే."

చక్రాలు కదిలిన చప్పుడు. టక్. అయిపోయింది.

రెండు చేతులతో గట్టిగా పట్టుకో. విన్నారా? అలా చెప్పిన నోటితోనే తర్వాత చేతులు వదిలేసి ఆటలాడిందని సాక్ష్యం చెప్పాడు!

పిల్లి బండి బ్రేకు నొక్కింది. వెనక బ్రేకు పిడి దాకా వచ్చేసింది, మెత్తగా, తడిగుడ్డ పిండినట్టు. ముందు చక్రం అప్పటికే వాలు మీద ఉంది. దెయ్యానికి భయపడి ఆగకుండా దిగిపోయి ఉంటే...

అదీ జరిగింది. గుసగుస రికార్డింగుది. ఒక్కో చోటికి ఒక్కో ముక్క. బండి తర్వాతి చోటికి చేరగానే పాత ముక్క ఆగిపోయి కొత్తది మొదలవుతుంది. ఎలాగూ ఆగిపోతుంది కదా అని ముక్కల చివర్లు కత్తిరించే ఓపిక ఎవరికీ లేకపోయింది. వాలు మీద బండి రయ్యిమని దిగుతుంది కాబట్టి ఆ చివర ఎవరికీ వినపడదు. వినాలంటే ఆగాలి. ఆగినవాళ్ళు మొదటి ఊపిరికే పరుగు. ఇన్నేళ్ళుగా ఒక ఆడమనిషి "బ్రేకు పట్టట్లేదు" అని చెబుతూనే ఉంది, మనం "దెయ్యం, దెయ్యం" అని పారిపోతూనే ఉన్నాం!

వాళ్ళు వాలు దిగలేదు. బళ్ళు కాస్త వెనక్కి తోసుకెళ్ళి, మళ్ళీ రాయి దగ్గరికి నడిపించుకొచ్చి, ఫోను హెల్మెట్‌లో దూర్చి మొత్తం రికార్డు చేశారు. వచ్చిన దారినే నడుచుకుంటూ తిరిగి కౌంటరుకు చేరారు.

కౌంటరాయన బళ్ళకి గొలుసు వేస్తున్నాడు. పిల్లి ఫోను బల్ల మీద పెట్టి నొక్కింది.

విన్నాడు. గొలుసు పక్కన పెట్టాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తలెత్తి ఏమన్నాడో తెలుసా? తప్పయిందనలేదు. ఈ అమ్మాయి ఎవరని కూడా అడగలేదు.

"అంటే..." అన్నాడు, ప్రాణం లేచొచ్చినట్టు. "అది ఆవిడ కాదా? ఉత్త రికార్డింగేనా?"

ఊపిరి పీల్చుకున్నాడు! ఇన్నేళ్ళూ ఆ వాలు వైపు అడుగు పెట్టకుండా, వచ్చినవాళ్ళందరినీ ఆగొద్దని బెదరగొట్టింది, ఆమె తనకోసం కాచుకుని ఉందన్న భయంతో. లేదని తెలిసింది, నెమ్మదించాడు. ఆమెను ఎలా పంపాడో అన్నది ఆయనకు భయమే కాదు. ఆ సాయంత్రమే, ఆమె కూతురినే, అదే మాట చెప్పి అదే వాలుకు పంపాడు. పిల్లి ఇది చెబుతుంటే చీకట్లో నేను పళ్ళు కొరుకుతున్న చప్పుడు నాకే వినపడింది.

మామయ్య — తన నీడకు దారిచ్చే ఆ మామయ్య — వదులు బ్రేకు బండిని ఈడ్చుకొచ్చి కౌంటరు గుమ్మానికి అడ్డంగా పడేసి, దాని మీదే కూర్చున్నాడట. "తిరిగొచ్చాం. ఇప్పుడు చూడు బ్రేకు" అన్నాడట. "ఇది బాగయ్యేదాకా నువ్వూ కదలవు, నేనూ కదలను."

తర్వాత పార్కు ఆఫీసుకు వెళ్ళారు. అక్కడివాళ్ళు ఫోను విని, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని, "ఈ రోజుల్లో ఫోనులో ఏమైనా తయారుచేయొచ్చమ్మా" అన్నారు. మీ దగ్గరున్న బండి తీసి వినమంటే, "పరిశీలిస్తాం" అన్నారు. పరిశీలించారు కూడా! వచ్చే నెల పాత బళ్ళన్నీ తీసేసి, కొత్త గొంతుతో కొత్త బళ్ళు దించుతున్నారు. ఇక ఆ వాలు మీద దెయ్యం ఉండదు. సాక్ష్యమూ ఉండదు.

ఒక కూతురి ఫోనులో ఉంటే అది కట్టుకథ. వంద మంది ఫోనుల్లో ఉంటే ఏమంటారో నాకు చూడాలని ఉంది. పిల్లి గొంతు ఎప్పటికీ పెద్దది కాదు, నా ఒక్కదాని అరుపు చాలదు. ఈ నెల ముగిసేలోపు వెళ్ళండి. బండి తీసుకునే ముందు రెండు బ్రేకులూ నొక్కి చూడండి. పట్టకపోతే ఎక్కకండి, ఎవడెంత మెత్తగా చెప్పినా సరే. పసుపు రాయి దగ్గర కాలు కింద పెట్టండి. ఆమె ఊపిరి తీసుకున్నప్పుడు పారిపోకండి. ఫోను హెల్మెట్‌లో పెట్టి, ఆమె చెప్పేది చివరిదాకా చెప్పనిచ్చి, తిరిగొచ్చి ఆ బల్ల మీద వినిపించండి.

ఆగొద్దంటారు. ఆగండి.