బుధవారం ప్రయాణం

"ఈ సైకిల్ మీద అరసవిల్లి ఎల్తారా? మర్రిపాలెం దాటితే గొప్పే!"

వెనక చక్రాన్ని గిర్రున తిప్పుతూ, నా ముఖం వైపైనా చూడకుండా అందా పిల్ల.

"మీ నాన్నగారు లేరా?" అన్నాను బింకంగా.

"ఉన్నా ఇదే మాటంతారు. సక్రం బెండయిపోనాది, సూడండి."

చూశాను. చక్రాన్ని కాదు, ఆమె చెంప మీది గ్రీజు మరకని.

అది డెబ్భై తొమ్మిది, కార్తీకమాసం. నేను పోర్టులో గుమస్తాని. నేనూ, నా స్నేహితుడు గురునాథరావూ సైకిళ్ళ మీద పల్లెలన్నీ చూసుకుంటూ భీమిలి, విజయనగరం మీదుగా అరసవిల్లి సూర్యనారాయణమూర్తి దర్శనానికి వెళ్ళాలని అనుకున్నాం. కంచరపాలెంలో వరహాలు గారి సైకిల్ షాపులో సన్నాహాలు మొదలయ్యాయి. ఆ పిల్ల ఆయన కూతురు చిలకమ్మ.

నెల రోజులు రోజూ సాయంత్రం ఏదో ఒక వంకతో వెళ్ళాను.

"కేరేజీ నిన్ననే బిగించాను కదండీ గుమస్తాగారూ, అప్పుడే వదులైపోనాదా?"

"కొంచెం."

"మీ ఆపీసులో పనేటీ ఉండదేటండీ?"

వరహాలు గారు దగ్గి, టీకి వెళ్ళిపోయేవారు.

ఒకరోజు జల్లు పడితే షాపు రేకు కింద ఇద్దరమే నిలబడ్డాం. "అరసవిల్లి నుంచి వచ్చాక మీ నాన్నగారితో మాట్లాడనా?" అని అడిగేశాను. ఆమె పంపు తీసుకుని గాలి కొట్టడం మొదలుపెట్టింది. కొడుతూనే ఉంది. టైరు రాయిలా అయింది.

"వద్దంటే సెప్పీదాన్ని కదా," అంది చివరికి.

సోమవారం వెళ్ళేసరికి ఆమె ముఖంలో నవ్వు లేదు.

"రేపు నన్ను భీమిలి తీసుకెల్తన్నారు. లచ్చివారం పొద్దున్న మావయ్యింట్లో పెళ్ళిచూపులు. మా ఇంట్లో మావయ్య మాటే మాట. మీరు బుధవారం బయలెల్తారు కదా, సాయంత్రం లోగా వచ్చి ఆయన్తో మాటాడండి. ఆయన మంచోడు, సెప్తే ఇంతాడు."

"బుధవారం ఉత్తరానికి వారశూల. ప్రయాణం పనికిరాదు. గురువారం పెందలాడే వచ్చేస్తాం."

"పోర్టులో ఓడలు బుధవారం కదలవేటండీ?"

నేను కేరేజీ బిగువు చూస్తున్నట్టు వంగాను.

"పోనీ, మీ సంచీ ఈరోజే మా షాపులో ఎట్టీండి. ప్రయాణం ఈరోజే మొదలైనట్టు. ప్రస్థానం అంతారు కదా, మా అమ్మమ్మ అలాగే సేసేది."

"అమ్మనడిగి చెప్తాను," అన్నాను.

అడగలేదు.

బుధవారం పొద్దున్న గురునాథం సైకిల్‌కి దుప్పటి, గిన్నెలు కట్టుకుని మా గుమ్మంలో దిగాడు. సంగతంతా తెలిసిన వాడితోనే, శూల ఉంది, రేపు వెళదామన్నాను.

"సూలా లేదు, గీలా లేదు. ఆ మావయ్య దగ్గర నోరిప్పడానికి నీకు బయం బావా!"

వాడిమీద కోపం వచ్చింది. ఆ రోజంతా పంచాంగం ముందేసుకుని కూర్చున్నాను.

గురువారం తెల్లవారుతూనే బయల్దేరి పదిన్నరకి భీమిలి చేరాం. మావయ్య గారి గుమ్మంలో చెప్పులు చాలా ఉన్నాయి. ఆయన నిజంగానే మంచివాడు. నా పేరడిగి, కంచరపాలెం మనిషినని తెలిసి సంబరపడ్డాడు.

"మంచి టయానికి వచ్చినారు. మా సిలకమ్మకి ఇప్పుడే తాంబూలాలు పుచ్చుకున్నాం!" అంటూ మా ఇద్దరి చేతుల్లో లడ్డూలు పెట్టాడు.

మంచినీళ్ళు ఆమే తెచ్చింది. గ్లాసు అందిస్తూ, ఎవరికీ వినబడకుండా అంది:

"నిన్న పొద్దుగూకీదాకా రోడ్డు మీదే ఉన్నాను."

"బుధవారం కదా, చిలకా..."

"మీరెందుకొత్తన్నారో ఆ దేవుడికి తెలీదేటండీ?"

గ్లాసు కోసం ఆగకుండా లోపలికి వెళ్ళిపోయింది.

"ఎండెక్కిపోతంది, పద బావా," అన్నాడు గురునాథం మెల్లగా. విజయనగరం రోడ్డెక్కాం. దారిలో తోటలూ చెరువులూ చాలా వచ్చాయట, వాడు చెబుతూనే ఉన్నాడు.

మూడోరోజు అరసవిల్లిలో స్వామి ముందు నిలబడ్డాను. ఎందుకిలా చేశావని అడగాలనే వెళ్ళాను. చేతులు జోడించాక ఆ మాట నోటికి రాలేదు.

బుధవారం వెళ్ళొద్దని ఆయన నాతో ఎప్పుడన్నాడు?