స్టేషన్ మాస్టరు గారి పళ్ళూ, కలప డిపో పులీ

మా ఊళ్ళో మూతపడ్డ కలప డిపోకి మంచి పేరు ఎప్పుడూ లేదు.

రంపాలు ఆడిన రోజుల్లోనే అక్కడ వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. ఇక మూతపడ్డాక చెప్పేదేముంది... గేటుకి తుప్పు. షెడ్డు మీద రేకులు లేచిపోయి, గాలి వీస్తే డబడబమని చప్పుడు. ఎవరూ కొనని దుంగలు గుట్టలు గుట్టలుగా. వాటి వెనకాల అడవి. కొండ కింద కాలనీకి పోవాలంటే ఆ డిపోలోంచి అడ్డదారి ఉంది. పగలు ఊరంతా అదే దారిన నడుస్తుంది. చీకటి పడితే మాత్రం – ఎంత దూరమైనా సరే, చుట్టుదారే.

ఎందుకంటే అక్కడ నల్లపులి ఉంది.

ఉంది అంటే... ఉందన్నవాళ్ళు ఉన్నారు. మొదట పాలాయన చూశాడు. కుక్క కంటే పెద్దది, దూడ కంటే చిన్నది అన్నాడు. తర్వాత ఇన్సూరెన్స్ ఏజెంటు చూశాడు. దూడేమిటి, ఎద్దంత ఉందన్నాడు. ఆ వారం ఆయన చేతిలో పాలసీలు తెగ అమ్ముడుపోయాయని మా నాన్న ఇప్పటికీ అంటాడు. ఆ తర్వాత జిమ్ము మాస్టరు – ఊళ్ళో కుర్రాళ్ళందరికీ కండలు నేర్పే మనిషి – స్కూటర్ని నడిదారిలో వదిలేసి, ఒక కాలికి చెప్పుతో, ఇంటిదాకా పరుగెత్తుకొచ్చాడు. పులి ఎలా ఉందయ్యా అంటే నోట మాట లేదు. వాళ్ళావిడే చెప్పింది. "ఏ పులైతేనేం... ఆ స్పీడులో ఈయన్ని పట్టుకోవడం దాని తరం కాదు."

ఫారెస్టు వాళ్ళొచ్చి బోను పెట్టారు. లోపల మాంసం. రోజూ ఒక వీధికుక్క వెళ్ళడం, మాంసం తినడం, తలుపు పడిపోవడం, అది హాయిగా నిద్రపోయి పొద్దున్నే తలుపు తీసేవాళ్ళ కోసం తోకాడిస్తూ ఎదురుచూడడం... బోను ఎత్తేశారు. ఒక గార్డుకి చెట్టు మీద మంచె కట్టి, కాపలా కూర్చోమన్నారు. అడుగుజాడల కోసం కూడా వెతికారు. ఒక్కటి దొరికితే ఒట్టు.

జాడ లేకపోయేసరికి ఊరు ఇంకో మాట అనడం మొదలుపెట్టింది. అది పులి కాదు – పులి దెయ్యం. ఎప్పుడో ఒక సర్కస్ లారీ అక్కడ బోల్తా పడిందట. అందులో నల్లపులి ఉందట. పులి చచ్చిపోయింది... దాని ఆకలి మాత్రం చావలేదట.

ఇదీ ఆ చోటు సంగతి. ఇక మా మేనత్తకి జరిగింది వినండి. ఆవిడ చెప్పగా విన్నదే చెబుతున్నాను.

మా మేనత్త కట్టుడుపళ్ళు తయారుచేస్తుంది. డాక్టరు అచ్చు తీసి పంపితే, ఇంట్లో ముందు గదిలో కూర్చుని మైనం కరిగించి, ప్లాస్టరు పోసి, ఒక్కొక్క పన్నూ పేర్చి, సానబెట్టి, అచ్చంగా సొంత పళ్ళేమో అనిపించేలా కడుతుంది. ఊరంతా ఆవిణ్ణి "పళ్ళత్త" అంటారు. దారిలో ఎవరైనా పలకరిస్తే ముందు నోటికేసి చూసి, ఆ తర్వాత మొహం కేసి చూసే మనిషి. పులి మాట ఎత్తితే ఆవిడది ఒకటే సమాధానం.

"కరిచినవాణ్ణి తీసుకురండి. గాటు చూసి చెబుతా, పులో, కుక్కో, ఇన్సూరెన్స్ ఏజెంటో."

ఆ రోజుల్లో మా ఊళ్ళో ఒక పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు రిటైరైన స్టేషన్ మాస్టరు గారు. డెబ్బై దాటాయి. పెళ్ళికూతురు లైబ్రరీ మేడమ్. ఆవిడకీ ఇంచుమించు అంతే. ఇద్దరూ చాలా ఏళ్ళుగా ఒంటరివాళ్ళు. రోజూ పేపరు చదవడానికి వెళ్ళిన మాస్టరు గారు, చదివేసిన పేపర్నే మళ్ళీ మళ్ళీ చదువుతూ లైబ్రరీ మూసేదాకా కూర్చోవడం మొదలుపెట్టాక, సంగతి అందరికీ అర్థమైంది.

"ఆయన నవ్వితే చాలు, నాకు ఆ రోజంతా బాగుంటుంది" అందట మేడమ్, ఎవరితోనో.

ఆ నవ్వు మా అత్త కట్టింది. ఆ సంగతి మాత్రం మేడమ్‌కి తెలీదు. పెళ్ళయ్యాక మెల్లగా చెబుతానని మాస్టరు గారు వాయిదా వేస్తూ వచ్చాడు.

తీరా పెళ్ళి దగ్గరపడ్డాక... ఒక తుమ్ము తుమ్మాడు. మామూలు తుమ్ము కాదు. పళ్ళు ఎగిరి వెళ్ళి సింకులో పడి ముక్కలు ముక్కలయ్యాయి.

ఇక ఆయన గది తలుపు తీయలేదు. మేడమ్ ఫోన్ చేస్తే కూతురు ఎత్తి, "నాన్నకి గొంతునొప్పండీ" అని పెట్టేసేది. మేడమ్ ఇంటికొస్తే, "నిద్రపోయారండీ." ఆవిడేమీ చిన్నపిల్ల కాదు కదా. పెళ్ళి ముందు రోజు మధ్యాహ్నం కూతురితో ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయింది.

"మనసు మారితే మారిందని చెప్పమను తల్లీ. ఆయన నోటితో ఆయన నాతో మాట్లాడితేనే రేపు రిజిస్ట్రార్ ఆఫీసుకి వస్తాను. లేకపోతే లేదు."

అందుకే ఆ సాయంత్రం మా అత్త చెయ్యి ఆగకుండా పనిచేస్తోంది. వానాకాలం. ప్లాస్టరు ఎంతకీ ఆరదు. చివరికి సానబెట్టడం అయ్యేసరికి బయట చీకటి పడిపోయింది. మాస్టరు గారుండే కాలనీకి చివరి బస్సు వెళ్ళిపోయింది.

"నేనూ తోడొస్తానే" అన్నాడు మావయ్య, కుర్చీలోంచి లేవకుండా.

"రండి మరి."

"మోకాలు..."

"పొద్దున బాగానే ఉందిగా?"

"పొద్దున పులి లేదుగా."

అత్త మావయ్య రెయిన్‌కోటు తొడుక్కుంది. పళ్ళ సెట్టుని చేతికందిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి సంచీలో వేసుకుంది. ఆ డబ్బా మధ్యాహ్నం చేపముక్కల డబ్బా. కడిగిందే... కానీ ప్లాస్టిక్‌కి చేప వాసన ఒక పట్టాన వదలదు.

చుట్టుదారిన పోతే మాస్టరు గారు నిద్రపోతాడు. ఆయన మేడమ్‌తో మాట్లాడాలి కదా. అత్త నేరుగా డిపో గేటు తోసింది.

కిర్రుమంది.

వీధిదీపం వెలుగు అక్కడితో సరి. వాన అప్పుడే వెలిసింది. రేకుల మీంచి నీళ్ళు... టప్... టప్... తడిసిన చెక్క వాసన. టార్చి వెలుగులో దుంగల గుట్టలు, ఒకదాని వెనక ఒకటి, పడుకున్న జంతువుల్లా.

"చెక్కలే" అంది అత్త తనలో తను. "ఒట్టి చెక్కలు."

పెద్ద గుట్ట దగ్గరికి వచ్చింది.

పైన... బాగా పైన... రెండు కళ్ళు.

ఆకుపచ్చగా. రెప్ప వేయకుండా.

టార్చి ఎత్తింది. వెనకున్న రేకుల గోడ మీద ఒక నల్లటి వీపు లేచింది – గోడ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా! తోక ఒక్కటే మనిషి పొడుగుంది. అది మెల్లగా... అటు... ఇటు...

"ఎ... ఎవరది?" అంది అత్త గుసగుసగా.

పులిని ఎవరది అని అడగడమేమిటని అంత భయంలోనూ అనిపించిందట.

"గ్ర్... ర్... ర్..."

గేటు దగ్గర ఫారెస్టు వాళ్ళు పెట్టిన బోర్డు గుర్తొచ్చింది. ‘పరుగెత్తకండి. వీలైనంత పెద్దగా కనిపించండి.’ పెద్దగా కనిపించడానికి మా అత్త ప్రత్యేకంగా కష్టపడక్కర్లేదు. అయినా రెయిన్‌కోటు రెండు అంచులూ పట్టుకుని రెక్కల్లా చాపింది.

చాపగానే భుజం మీది సంచీ జారింది. డబ్బా కిందపడింది. మూత ఊడింది.

టక్... టకటక...

పళ్ళు దుంగ మీంచి దొర్లి నేల మీద పడ్డాయి. పైనున్నది ముక్కు ఎగరేసింది. ఒక్క దూకు! టార్చి చేతిలోంచి జారి గిర్రున తిరిగింది. వెలుగు అటుపోయి, ఇటుపోయి... ఆగింది.

ఆ వెలుగులో ఒక నల్లటి మొహం.

నవ్వుతోంది.

మనిషి పళ్ళతో... తెల్లగా, వరసగా, ఇంత వెడల్పున... మా అత్తకేసి చూసి నవ్వుతోంది.

ఇంకెవరైనా అయితే అక్కడే గుండాగి పడిపోయేవాళ్ళు. మా అత్త కూడా కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచింది. ఆ నవ్వు ఎక్కడో చూసినట్టుంది... చూడ్డమేమిటి, ఇందాకే సానబెట్టింది!

"ఏయ్!" అని గర్జించింది. పులి కాదు, అత్త. "అవి మాస్టరు గారివే! కొరక్కే! గీతలు పడతాయే!"

కింది వరస నేల మీదే ఉంది. అది జేబులో వేసుకుని, టార్చి అందుకుని, పై వరస వెనకాల పడింది. నల్లది ముందు, "పట్టుకోండి! ఎవరైనా పట్టుకోండి!" అని అరుస్తూ, రెక్కలు టపటపలాడించుకుంటూ అత్త వెనక. దుంగలెక్కి, దిగి, రంపం షెడ్డు చుట్టూ తిరిగి, బురదలో ఒకసారి కూర్చుని లేచి... చివరికి అది కాలనీ వైపు కంచెలో చిన్న సందులోంచి సర్రున దూరిపోయింది.

ఎద్దంత పులి ఇంత సందులో ఎలా పట్టిందబ్బా అనుకుంది అత్త, తనూ అందులోనే దూరుతూ. తను పట్టలేదు. కంచె విరిగింది, అప్పుడు పట్టింది.

ఎదురుగా మొదటి ఇల్లు. కిటికీలో దీపం. నల్లది గోడెక్కి, కిటికీలోంచి లోపలికి దూకేసింది.

అత్త తలుపు దబదబా బాదింది.

తలుపు తీసింది ఎవరో కాదు. లైబ్రరీ మేడమ్. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎవరూ... ఈ ఫమయంలో?"

అత్త ఆవిడ భుజం మీంచి లోపలికి చూసింది. చాప మీద ఒక నల్లటి గండుపిల్లి. బాగా బలిసింది. ముందు కాళ్ళ మధ్య మాస్టరు గారి పళ్ళు పెట్టుకుని, చేప వాసనని ఇష్టంగా నాకుతోంది. ఆకారం చూస్తే, మహా అయితే ఒక దిండంత.

"ఇదా!" అంది అత్త. "ఇంతేనా!"

టార్చి కింది నుంచి కొడితే గోడ మీద నీడ ఎంతైనా సాగుతుందని అప్పుడు తట్టింది.

మేడమ్ వంగి పళ్ళు తీసింది. దీపం కిందికి తీసుకెళ్ళింది. ఎవరివని అడిగితే ఏం చెప్పాలి? చెప్పనని మాస్టరు గారికి మాటిచ్చింది.

మేడమ్ అడగలేదు. చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా అంది.

"ఈ నవ్వు... నాకు తెలుఫు."

పిల్లి మూతి తుడుచుకుంటోంది.

"గొంతునొప్పి అని చెప్పించాడే! నేనేమో మనఫు మారిందనుకుని..."

అప్పుడు పట్టుకుంది మా అత్త చెవి ఆ "ఫ"ని. కళ్ళు చిన్నవి చేసింది.

"మేడమ్. ఆ రుమాలు ఒకసారి తీయండి."

"వద్దు."

"తీయండి."

తీసింది. లోపల ఏమీ లేదు. బల్ల మీద గ్లాసు నీళ్ళలో ఇంకో పళ్ళ సెట్టు.

"మీరూనా!"

మేడమ్ తల దించుకుంది. "ఆయనకి తెలీదు. పెళ్ళయ్యాక చెబుదామని..."

అత్త గ్లాసు దగ్గరికి వెళ్ళి వంగి చూసింది. మొహం మాడిపోయింది. "ఎవరండీ మీకింత అన్యాయం చేసింది? కోరపళ్ళు చూడండి, ఒకటి తూర్పు, ఒకటి పడమర!"

"పక్క ఊళ్ళో కట్టించుకున్నా. మీ దగ్గరైతే ఊరంతా తెలిఫిపోతుందని."

"ఒకరి నోటి సంగతి నా నోటి నుంచి ఏనాడైనా బయటికొచ్చిందా!" అంది అత్త. (ఈ కథ మాకు మేడమ్ అనుమతితోనే చెప్పింది.)

పళ్ళు సబ్బుతో కడిగి, మళ్ళీ కడిగి, శుభ్రమైన గుడ్డలో చుట్టారు. వాటిని మాస్టరు గారికి ఇచ్చింది మాత్రం మా అత్త కాదు. మేడమ్ స్వయంగా వెళ్ళి, గది తలుపు కొట్టి, తన పళ్ళు పెట్టుకోకుండానే, "ఫారూ, తలుపు తీయండి" అందట. లోపల్నించి, "వఫ్తున్నా" అని వినబడిందట. ఆ తర్వాత ఇద్దరూ బోసినోళ్ళతో అంతసేపు నవ్వుతారని కూతురు అనుకోలేదట.

మర్నాడు పెళ్ళి జరిగింది. ఇద్దరూ నిండుగా నవ్విన ఫోటో ఇప్పటికీ వాళ్ళ ముందు గదిలో ఉంది.

అదే పొద్దున ఊళ్ళో ఇంకో వార్త. మంచె మీద కాపలా కూర్చున్న గార్డు కిందికి దిగనంటున్నాడు. నిచ్చెన వేసి, నలుగురు పట్టుకుని దించాల్సొచ్చింది. ఒళ్ళు కాలిపోతోంది.

మా అత్తకి నవ్వాగలేదు. పాపం, తనని చూసే జడుసుకుని ఉంటాడని, పెళ్ళి నుంచి నేరుగా వాళ్ళింటికి వెళ్ళింది. గార్డు దుప్పటి కప్పుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. వాళ్ళమ్మ అత్త చేతికి కాఫీ ఇచ్చింది.

"పిల్లయ్యా బాబూ, పిల్లి! లైబ్రరీ మేడమ్ గారి గండుపిల్లి" అంది అత్త. "నువ్వు చూసింది దాన్నీ, దాని వెనకాల నన్నూ."

గార్డు తల అడ్డంగా ఊపాడు.

"పిల్లిని పిల్లిగానే చూశానత్తా. నోట్లో తెల్లగా అదేమిటో తెలీలేదు గానీ... మిమ్మల్నీ గుర్తుపట్టాను. మా నాన్నకి పళ్ళు కట్టింది మీరే కదా."

"మరి దిగవేం, తెల్లారేదాకా?"

గార్డు కిటికీ వైపు చూశాడు. గొంతు బాగా తగ్గించాడు.

"నేను చెబుతున్నది మీ వెనకాల వచ్చినదాని గురించి."

అత్త కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"దుంగల గుట్ట అవతల్నించి లేచిందత్తా. నల్లగా... దూడంత. మీ వెనకే నడిచింది. చప్పుడు లేదు."

"అరవొచ్చు కదయ్యా!"

"అరుద్దామనే నోరు తెరిచాను. ఈలోగా మీరే అరిచారు – ‘పట్టుకోండి! ఎవరైనా పట్టుకోండి!’ అని..."

దుప్పటి ఇంకాస్త పైకి లాక్కున్నాడు.

"పాపం... అదీ పరుగందుకుంది."