రెండు పూలు, సాయంత్రం బస్సు

"ఉన్నవాళ్ళకా, పోయినవాళ్ళకా?" అంది పూలకొట్టు సెవ్దా, ఎర్ర కార్నేషన్ పూల బకెట్లో చెయ్యి పెట్టి.

మా బల్గేరియాలో పూలమ్మేవాళ్ళు ముందు అడిగేది ఇదే. బతికున్నవాళ్ళకైతే బేసి, పోయినవాళ్ళకైతే సరి. కూతురు పోయి ఏడాది కావొస్తున్నా 'పోయినవాళ్ళకి' అన్న మాట నా పక్కనున్న వెనెటా నోట రాదు. "రెండివ్వవే తల్లీ, తెలిసి కూడా అడుగుతావేం?" అని నేనే కసిరాను.

వెనెటా మా పక్కింటిది. ఆమె కూతురు బిలియానా పట్నంలో నర్సు చదువు చదివేది. మా పేటకొచ్చే సాయంత్రం బస్సు దండగని రవాణా ఆఫీసువాళ్ళు ఆపేశారు. ఇక పిల్ల వేరే బస్సెక్కి, పెద్దరోడ్డుకి అవతల దిగి, దాటి రావాల్సొచ్చేది. అక్కడ రోడ్డు దాటే తెల్లచారలైతే ఉన్నాయిగానీ సిగ్నల్ లేదు. ఒక పొగమంచు సాయంత్రం కారు గుద్దేసింది. ఇంటికి కూతవేటు దూరంలో పోయింది పిల్ల.

అప్పట్నుంచీ ప్రతి శుక్రవారం పేటవాళ్ళమంతా ఆ చారల మీద అటూ ఇటూ నడుస్తాం. రోడ్డుకడ్డంగా కూర్చుంటే పోలీసులు లేపేస్తారు. చారల మీద నడిచేవాళ్ళని ఏమంటారు? సిగ్నల్ పెట్టాలి, బస్సు మళ్ళీ వెయ్యాలి. మేం అడిగేది అంతే.

పూలు కొన్న ఆ రోజూ అలాగే నడుస్తున్నాం. కారులోంచి ఒకడు తల బయటపెట్టాడు.

"ఏం పెద్దమ్మా, షికారుకి ఇదే దొరికిందా?"

"మోకాళ్ళ నొప్పులు నాయనా! డాక్టరు నడవమన్నాడు!" అన్నాను. అందరూ నవ్వారు. వెనెటా నవ్వలేదు.

చలికాలం కదా, చీకటి తొందరగా పడింది. నది వైపు నుంచి మంచు దిగింది. బొగ్గు పొయ్యిల వాసన గొంతుకి పట్టుకుంటోంది. ఒక్కొక్కరే ఇళ్ళకి వెళ్ళిపోయారు.

"ఇంకొక్కసారి దాటొద్దాం గింకక్కా" అంది వెనెటా, నా చెయ్యి పట్టుకుని. కార్లు కూడా రావడం లేదు. మా అడుగుల చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

నావి... ఆమెవి... ఇంకెవరివో.

తల తిప్పి చూశాను. పూలు పట్టుకున్న చెయ్యి పక్కకి చాచి నడుస్తోంది వెనెటా. అటువైపు మంచు తప్ప ఏమీ లేదు.

"ఇంత చల్లగా ఉన్నాయేంటే నీ వేళ్ళు, బంగారం..." అని గొణిగింది.

నేను ఆమె చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

మంచులో పసుపు దీపాలు కనిపించాయి. ఎప్పుడో ఆపేసిన మా సాయంత్రం బస్సు... పాత స్టాపులో వచ్చి ఆగింది. ఇంజను చప్పుడు లేదు. తలుపు తెరుచుకుంది. లోపల్నుంచి తడిమట్టి వాసన గుప్పున కొట్టింది.

"అమ్మా... ఒక్కదాన్నే ఉన్నానే..."

నేనూ విన్నాను. ఒట్టు. నా వంటింట్లో రేగుపళ్ళ జామ్ దొంగతనంగా నాకిన పిల్ల గొంతు, పోల్చుకోలేనా?

వెనెటా మెట్టు మీద కాలు పెట్టింది. రెండు చేతులా ఆమె నడుము పట్టి వెనక్కి లాగాను.

"వదులక్కా! నా పిల్ల... వదిలెయ్!"

"చచ్చినా వదలను!"

ఇద్దరం రోడ్డు మీద పడ్డాం. తలుపు మూసుకుంది. దీపాలు మంచులో కలిసిపోయాయి.

వెనెటా చేతిలో ఒక్క పువ్వే మిగిలింది. రోడ్డంతా వెతికాను. రెండోది ఎక్కడా లేదు.

"ఒకటే ఉంచింది..." అని వెక్కి వెక్కి ఏడ్చింది. "నన్ను బతకమంటోంది అక్కా." ఆ నమ్మకంతోనే మళ్ళీ నాలుగు ముద్దలు తినడం మొదలెట్టింది. ఆ పువ్వుని ఎండిపోయినా కిటికీలో గాజుగ్లాసులో ఉంచుకుంది.

వసంతంలో సిగ్నల్ వచ్చింది. బస్సూ వచ్చింది. మొదటి రోజు మా ఆచారం ప్రకారం డ్రైవరుకి రొట్టే ఉప్పూ పట్టుకుని ఎదురెళ్ళాం. వెనెటా కళ్ళు తుడుచుకుంటూ చప్పట్లు కొట్టింది. నాకూ ఏడుపు ఆగలేదు. పిల్ల ఉండుంటే ఈ బస్సులోనే కదా ఇంటికొచ్చేది.

నిన్న సాయంత్రం మళ్ళీ మంచు దిగింది. బస్సు దిగి ఇంటికొచ్చేసరికి నా తలుపు గొళ్ళేనికి ఎర్ర కార్నేషన్లు గుచ్చి ఉన్నాయి.

రెండు.

తడిమట్టి వాసన వేస్తున్నాయి.

వెనెటా పువ్వు ఆమె కిటికీలో అలాగే ఉంది. ఇవి తనే పెట్టిందేమో అడుగుదామని ఆమె తలుపు దాకా వెళ్ళాను. తట్టబోయి ఆగిపోయాను.

'నేను కాదక్కా' అని ఆమె అంటే...?