తగిలిందని చెప్పనివాడు

మిలానోలో నవంబరు మంచు దిగిందంటే మధ్యాహ్నం మూడింటికే దీపాలు పెట్టుకోవాలి. అశ్విక దళం కత్తిసాము శాలలో ఎవాసియో జోడీ లేకుండా సాధన చేస్తున్నాడు. నాలుగింటికల్లా పక్కగదిలో కల్నల్ బోనెల్లి అతన్ని గురువుగా వేసుకుంటూ సంతకం పెట్టేస్తాడు. అందాకా కాలు ఒకచోట నిలవడం లేదు.

మూలన చొక్కాలు కుట్టే ముసలి పల్మీరా నవ్వింది. "ఏం నాయనా, పొద్దున కుట్టిన చొక్కాకి అప్పుడే మూడు చీలికలు! ఎవరితో ఆడుతున్నావు, నీ నీడతోనా?"

"పాత గుడ్డలే అత్తా."

"నా మొహం! కొత్త గుడ్డే," అని గొణుక్కుంటూ ఆమె ఇంటికి పోయింది.

కత్తిసాములో దెబ్బ తిన్నవాడే "తగిలింది" అని చెప్పాలి. అదీ మర్యాద. ఈ ఉద్యోగానికి జరిగిన పోటీలో నేపుల్స్ నుంచి వచ్చిన ఒరెస్తే అనేవాడు మణికట్టు తిప్పి, ఎవాసియో ముంజేతిని తాకాడు. మోచేతి నుంచి విసిరి కొట్టే మిలానో పద్ధతే గెలవాలని శాలంతా కాచుకుని ఉంది. ఎవాసియో నోరు మెదపలేదు. తీర్పరి కల్నల్ తాను చూడలేదన్నాడు; ఎప్పుడో చచ్చిపోయిన ఓ కుంటి పోటీదారు దెబ్బనూ ఆయన ఇలాగే చూడలేదు. ఓడిన ఒరెస్తే ఇంటికెళ్ళి, తొమ్మిదో రోజున జ్వరంతో పోయాడు.

చెక్కనేల కిర్రుమంది. ఎదురుగా ఎవరూ లేరు. జ్వరపు పక్కబట్టల వాసన... ఒక అడుగు... ఇంకో అడుగు... గాలి సుయ్యిమంది. ముంజేయి భగ్గుమంది.

"తగిలిందా?" చెవి దగ్గర గుసగుస.

ఎవాసియో పళ్ళు బిగబట్టాడు. పక్కగదిలో కలం గీరుతోంది. ఇప్పుడు నోరు తెరిస్తే నోటికాడి కూడు పోతుంది.

మళ్ళీ దెబ్బ... భుజం మీద. మళ్ళీ... మెడ పక్కన. చొక్కా లోపల తడి.

"తగిలిందా?"

"తగిలింది!" గొంతు చించుకున్నాడు. "నీ దెబ్బ ఆ రోజే తగిలింది, ఒరెస్తే!"

అడుగులు ఆగాయి. ఉద్యోగం పోతే పోయింది, ప్రాణం తెరిపిన పడింది.

చేతిలో కలంతోనే కల్నల్ తలుపు తోసుకొచ్చాడు. "నోర్ముయ్! నేను చూడలేదన్నాక నీకు తగిలినట్టు కాదు. తెలిసిందా?"

అడుగులు ఎవాసియోని దాటుకుని గుమ్మం వైపు నడిచాయి. కల్నల్ చొక్కా చెయ్యి భుజం దాకా చీలింది.

"చెప్పేయండి దొరా," ఎవాసియో బతిమాలాడు. "చెబితే ఆగుతాడు..."

కల్నల్ పెదవులు బిగించాడు.

అప్పుడు చెక్కనేల మీద రెండో జత అడుగులు వినిపించాయి. కుంటుతూ... ఆ కుంటి నడక వినగానే కల్నల్ మొహం పాలిపోయింది.