స్టోర్‌రూమ్‌లో ఊదా వెలుగు

పొద్దున్నే చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టి, చక్కెర డబ్బా కోసం వెనక్కి తిరిగిన రజితకు స్టోర్‌రూమ్ తలుపుకు కొత్త తాళం కనిపించింది. ఆ గదిలో ఉండేవి బియ్యం సంచి, రెండు పాత సూట్‌కేసులు, తిరగని టేబుల్ ఫ్యాను. వాటికి తాళం దేనికి?

"ఏందిది?" అని అడిగింది.

కుమార్ షర్టు గుండీలు పెట్టుకుంటూ ఆమె వైపు చూడకుండానే చెప్పాడు. "దుకాణం సామాన్. కొన్ని దినాలు ఉంటది. బియ్యం సంచి మంచం కింద పెట్టిన."

"దుకాణానికి గోడౌన్ లేదా?"

"ఉంటే ఇంటికెందుకు తెస్త? చాయ్ పోసియ్యి, డ్యూటీకి లేటయితుంది."

బతుకుదెరువుకు గల్ఫ్ వచ్చిన కుమార్ రువిలో లైట్లమ్మే దుకాణంలో సేల్స్‌మన్. రజిత బౌషర్‌లో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్స్. పెళ్లయిన ఆరేళ్లలో, హమ్రియాలోని ఆ చిన్న ఫ్లాట్‌లో ఒకరి దగ్గర ఒకరు ఏదీ దాచుకోలేదు. దాచేంత చోటూ లేదు. మెట్‌పల్లి దగ్గరి పల్లె నుంచి అత్త శాంతవ్వ వచ్చాక ఇల్లు ఇంకా ఇరుకైంది.

వారం తిరగకముందే రజితకు మరొకటి కంటపడింది. కుమార్ డ్యూటీలో ఉండగా, ఆ తలుపు కింది సందులోంచి ఊదారంగు వెలుగు సన్నటి గీతలా బయటికి వస్తోంది. చెవి ఆనించి వింటే లోపల ఫ్యాను గుయ్యిమంటోంది. దుకాణం సామానుకు వెలుగెందుకు, గాలెందుకు?

దేవుడి పటం ముందు ఏనాడూ నిలబడని మనిషి పూటకు నాలుగు అగరుబత్తులు వెలిగించడం మొదలుపెట్టాడు. దుకాణంలో తోటి సేల్స్‌మన్ నసీరుద్దీన్‌తో బాల్కనీలో గుసగుసగా మాట్లాడేవాడు. ఒకరోజు రజిత తువ్వాలు ఆరేయడానికి వెళ్లేసరికి, "ఇంకో నెల ఆగాల్నంటవా భాయ్?" అంటున్నవాడు ఆమెను చూసి టక్కున ఫోన్ పెట్టేశాడు.

వీటన్నిటికన్నా రజిత మనసును తొలిచింది అత్త తీరు. హాల్లో సోఫా ఉంది, టీవీ ఉంది. అయినా ఆవిడ ప్లాస్టిక్ కుర్చీని ఆ తలుపుకు ఆనించుకుని పొద్దంతా అక్కడే కూర్చునేది.

"హాల్ల కూసోరాదు అత్తమ్మా?"

"ఈడ మంచిగున్నది బిడ్డా."

కాపలా కాస్తోంది, అనుకుంది రజిత. తల్లీకొడుకులు ఒకటయ్యారు. తనే పరాయిదైంది.

బుధవారం మెట్ల మీద హుస్నా ఆపింది. పై అంతస్తులో ఉండే నిజామాబాద్ అమ్మాయి. "ఏమనుకోకు రజితా. మీ ఇంటి కాడ ఏదో ఘాటు వాసన వస్తుందని మా ఆయన రషీద్ వాచ్‌మన్‌ను అడిగిండంట. జర చూసుకో."

కుమార్ ఇంట్లో లేనప్పుడు ఆ తలుపు తెరవాలనుకుంది రజిత.

శుక్రవారం సెలవు. కుమార్ చేపల కోసం మత్రా బజారుకు బయల్దేరగానే ఆమె స్క్రూడ్రైవర్ తీసుకుని స్టోర్‌రూమ్ ముందు నిలబడింది. శాంతవ్వ కుర్చీలోంచి లేవలేక లేచింది.

"వద్దు బిడ్డా. వాడొచ్చినంక అడుగు."

"అంటే నీకు ఎరుకే అన్నట్టు!"

"నాకేం ఎరుక లేదు. వాడు తియ్యద్దన్నడు, గంతే."

రజిత వినలేదు. తాళం కొండీ స్క్రూలు ఒక్కొక్కటే విప్పి తలుపు లాగింది. ఎర్రటి, నీలిరంగు చిన్న చిన్న బల్బుల పలక ఒకటి పైనుంచి వేలాడుతోంది. గోడలకు వెండిరంగు కాగితం అంటించి ఉంది. కింద రెండు పెయింటు డబ్బాల్లో మోకాలెత్తు మొక్కలు. వేళ్లు చాచిన అరచెయ్యిలాంటి ఆకులు. చిన్నప్పుడు తాత పోచన్న చిలుంలో నలిపి వేసుకున్న ఆకు అది.

అరగంటకు చేపల సంచితో వచ్చిన కుమార్, తెరిచిన తలుపు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"గంజాయి!" అంది రజిత. "ఈ దేశంల దొరికితే ఏమైతదో ఎరుకేనా నీకు? ఇంట్ల అందర్ని లోపలేస్తరు. ఎవలకు అమ్ముతున్నవ్? ఆ నసీరుద్దీన్‌కా?"

"అమ్ముటందుకు కాదు."

"మరి నువ్వే తాగుతున్నవా?"

"మెల్లగ మాట్లాడు. బయటోళ్లు ఇంటరు."

"వినని! వాచ్‌మన్‌కు ఎప్పుడో అనుమానమొచ్చింది. నేను నర్సును కుమార్. రేపు నా పేరు కూడ పోతది. చెప్పు, ఎందుకు పెంచినవ్?"

అతను చేపల సంచి కింద పెట్టి, తల్లి వైపు చూశాడు. శాంతవ్వ గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"నీకోసమేనమ్మా," అన్నాడు చివరికి. "నొప్పికి ఇది పని చేస్తదని నసీరుద్దీన్ చెప్పిండు. విత్తులు కూడ వాడే ఇచ్చిండు. ఇంకా ఒక్క ఆకు కూడ నీకు ఇయ్యలే."

"ఏం నొప్పి?" అంది రజిత.

"నడుముల నొప్పి. బొక్కలు కొరుకుతున్నట్టుంటదట. బాత్రూంల నల్ల ఇప్పుకొని ఏడుస్తుంటే విన్న. దవాఖానకు పోదామంటే వద్దని ఒట్టు పెట్టించుకున్నది. నీకసలే చెప్పద్దన్నది."

"నాకెందుకు చెప్పద్దు?"

శాంతవ్వ నేల చూస్తూ అంది. "నేనొచ్చిన వారానికి నాకు జరమొస్తే నువ్వు ఫోన్ల ఎవలతోనో అన్నవు బిడ్డా. డ్యూటీల పేషెంట్లు చాలరా, ఇంట్ల కూడ ఒక పేషెంటేనా అని. నీ తప్పు కాదు. పని చేసి చేసి అలసిపోయి అన్నవు. అందుకే ఈడ కూసునేది. లోపల ఆ ఫ్యాను సప్పుడుకు నా మూలుగు మీకు ఇనపడదని."

రజితకు గుర్తొచ్చింది. ఆ మాట తను అన్నది నిజమే. అని, మర్చిపోయింది. వార్డులో ఎవరు పక్కకు ఒత్తిగిల్లినా వాళ్లకెక్కడ నొప్పో చెప్పగలిగే తను, ఇంట్లో కుర్చీలోంచి లేవలేని మనిషిని కాపలాదారు అనుకుంది.

శాంతవ్వ మెల్లగా లోపలికి నడిచి, వంగలేక వంగి, ఒక మొక్కను మొదలుపట్టి లాగింది. కుమార్ ఆపబోయాడు.

"జరుగు. నా నొప్పి నేను మోస్త. నువ్వు జైల్ల కూసుంటే ఆ నొప్పి నేను మోస్తనారా?"

రెండోది కుమారే పీకాడు. కళ్లు తుడుచుకుంటూ ఆకులన్నీ తుంచి, బాత్రూం కమోడ్‌లో వేసి నీళ్లు గుమ్మరించాడు. బల్బుల పలకను విప్పి మంచం మీద పడేశాడు. నసీరుద్దీన్‌కు ఫోన్ చేసి, "ఇంక నాకు ఇసొంటి సలహాలు ఇయ్యకు భాయ్" అని పెట్టేశాడు.

రజిత అత్త పక్కన నేల మీద కూర్చుని రవిక పైకి జరిపి వెన్ను తడిమింది. నడుము దగ్గర వేలు తగలగానే శాంతవ్వ శరీరమంతా బిగుసుకుంది. నోట్లోంచి చప్పుడు మాత్రం రాలేదు.

"ఎన్నాళ్లసంది?"

"ఊరిలున్నప్పటిసంది."

రజిత తన ఆసుపత్రికి ఫోన్ చేసి డ్యూటీ డాక్టర్‌తో మాట్లాడింది. "పరీక్షలు చేస్తరు. నొప్పికి కూడ డాక్టరే పద్ధతిగ మందు రాస్తడు," అంది కుమార్‌తో. "నన్నొక్క మాట అడిగితే సరిపోయేది."

"ఆ మాట అమ్మ చెవిన పడ్డంక ఎట్ల అడుగుత?" అన్నాడతను. కోపంగా కాదు. రజిత టాక్సీ పిలిచింది.

టాక్సీలో రజిత వెనక సీట్లో అత్త తల తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. రోడ్డు మీద గతుకు వచ్చినప్పుడల్లా శాంతవ్వ పెదవులు పళ్లకింద నొక్కి పట్టుకుంటోంది.

"మూలుగు అత్తమ్మా," అంది రజిత, కన్నీళ్లు ఆమె నుదుటి మీద పడుతుంటే. "ఆపుకోకు. నాకు ఇనపడేటట్టు మూలుగు."

ఖురం మలుపు దగ్గర టాక్సీ కుదిపింది. శాంతవ్వ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుని, ఆ ఇంటికి వచ్చాక మొదటిసారి, గొంతెత్తి "అమ్మా" అంది.