దానమ్మ చెప్పిన వరుస

ఆ రోజు కూర్మారావు చేయవలసిన పనులు ఇవి. పొద్దున్నే కార్యాలయం తెరిచి క్రమణి యంత్రాన్ని మేలుకొలపాలి. వచ్చిన వాంగ్మూలాల ఇంగ్లీషు సరిచూడాలి. ఒక గట్టు తగాదా, ఒక విడాకుల కేసు పైకి పంపాలి. సాయంత్రంలోగా రేవుకెళ్లి దానమ్మ వాంగ్మూలాన్ని ఆమెకు తెలుగులో చదివి వినిపించి, వేలిముద్ర తీసుకోవాలి.

క్రమణి వచ్చాక నోటిమాటకు విలువ పోయింది. ఎవరు ఏ భాషలో చెప్పుకున్నా, ఆ యంత్రం ఇంగ్లీషులోకి దించితేనే ప్రభుత్వానికి చెల్లుతుంది. ఏది ముందు జరిగింది, ఏది తరువాత అన్నది అది క్రియల్లోనే బిగించేస్తుంది. ముందు జరిగినదానికి ‘హ్యాడ్’ తగిలిస్తుంది, సంఘటనకూ సంఘటనకూ మధ్య కామా పెడుతుంది. ఇక అనుమానానికి తావుండదు. ఇంట్లో మొదటి పట్టభద్రుడైన కూర్మారావు ఆ పాఠం చెమటోడ్చి నేర్చుకున్నాడు. తెలుగులో ‘తిని వచ్చాడు’ అంటే సరిపోయేది, ఇంగ్లీషు మాత్రం లెక్క అప్పజెప్పమనేది. అందుకే క్రమణి వాక్యాలంటే అతనికి గౌరవం. అసలు గొంతు కూడా భద్రంగానే ఉంటుంది, కానీ వినేవాళ్లు లేరు. అతనూ వినలేదు.

దానమ్మ భర్త ఎల్లాజీ, సముద్రపు నీటిని మంచినీరు చేసే కర్మాగారంలో క్లోరిన్ గది వైపు గేటుకు కాపలాదారు. క్లోరిన్ గదిలో వాయువు లీకై చనిపోయాడు. గేటు పక్కన టీ కొట్టు నడిపే దానమ్మ ఒక్కతే మొదటి నుంచి చివరిదాకా చూసింది.

కూర్మారావు ఆమె గుమ్మంలో కూర్చుని చదివాడు. లోపలి జనమంతా బయటికి వచ్చేసిన తరువాత, ఎల్లాజీ గేటు తెరిచాడు. అతను తెరిచిన తరువాత, సైరన్ మోగింది, వాసన వచ్చింది. ఆపైన అతను టీ తాగాడు.

దానమ్మ చేటలో చేపలు ఏరుతున్నదల్లా ఆగింది.

“సైరను కూసాక టీ తాగినాడా? ఎవుడు సెప్పేడు బాబూ?”

“నువ్వే చెప్పావు పిన్నీ.”

ఆమెకు నమ్మకం కుదరకపోవడంతో, వెంట తెచ్చిన యంత్రంలోంచి ఆమె గొంతే వినిపించాడు. రాగంలా సాగింది. జనం బయటపడ్డారు. గేటు తీసినాడు. సైరను కూసింది. వాసన కొట్టింది. టీ తాగినాడు. గడప కాడ సెప్పులేసుకున్నాడు.

అప్పుడు కూర్మారావుకు అర్థమైంది. ఆ రేవులో పోయినవాడి ఆఖరి రోజును భార్య ఒకే ఒక్కసారి, చివరి నుంచి మొదటికి చెబుతుంది. చెప్పడం ముగిసేసరికి అతను గడప దగ్గరికి వచ్చేస్తాడు. తన తండ్రి పోయినప్పుడు తల్లీ అలాగే చెప్పిందట, కానీ అప్పుడతను పరీక్షలని పట్నంలోనే ఉండిపోయాడు. కార్యాలయం వాళ్లు జనం ఒకచోట దొరుకుతారని ఆ తంతులోకే యంత్రం తెచ్చిపెట్టారు. యంత్రం విన్న వరుసనే జరిగిన వరుస అనుకుంది.

సంగతంతా విప్పి చెప్పాడు. ఇలాగే ఉంటే గేటు తెరిచాకే వాసన వచ్చింది కాబట్టి, వాయువు వదిలింది ఎల్లాజీయే అని శాశ్వతంగా నమోదవుతుందన్నాడు. వేలిముద్ర పడకముందే, పొద్దుటి నుంచి మొదలుపెట్టి ఒక్కసారి చెప్పమన్నాడు. యంత్రం చూసినవాళ్ల గొంతే ఒప్పుకుంటుంది, లేకపోతే తనే చెప్పేవాడినన్నాడు.

దానమ్మ యంత్రం వైపు చూసి, “ఇంత సదివిందానికి టీ ముందో, సావు ముందో తెల్దేటి?” అంది. కూర్మారావు నవ్వలేకపోయాడు.

దానమ్మ మళ్లీ చేపలు ఏరడం మొదలుపెట్టింది. ఏరుతూనే మెల్లగా అంది.

“నాను మొదట్నుంచి సెప్తే ఆడు గడప దాటాల. మళ్లీ ఆ గేటు కాడికెళ్లాల. ఇంటికొచ్చి కూకున్నోడ్ని నా నోటితో నానే తోలీమంటావా?”

“లోకమంతా అతన్నే తప్పు పడుతుంది పిన్నీ.”

“పట్టనీ. ఆడు ఇంట్లో ఉన్నాడు.”

తడిచేయి చీరకు తుడుచుకుని, తనే వేలు చాచింది. కూర్మారావు ముద్ర తీసుకున్నాడు. ఉద్యోగధర్మంగా పైకి పంపాడు. క్రియలన్నీ సరిగ్గా ఉన్నాయని అక్కణ్నుంచి మెచ్చుకోలు కూడా వచ్చింది. అది చదివిన రోజు అతను అన్నం ముట్టలేదు.

ప్రమాదాల జాబితాలో ఎల్లాజీ పేరు ఈనాటికీ కారకుడిగానే ఉంది. ఎప్పుడైనా మీ కంటపడితే, సైరన్ విన్నాకే లోపలివాళ్ల కోసం ఆ గేటు తీయడానికి వెళ్లినవాడని అతన్ని ఒక్కసారి తలచుకోండి.