స్టోర్ రూమ్‌లో పసిపాప నవ్వు

మా లాండ్రీ వెనకున్న స్టోర్ రూమ్‌కి మంచి పేరు లేదు. పొద్దుపోయాక అందులో పసిపాప నవ్వుతుందట. నవ్వు సగంలో తెగిపోతుందట... మళ్లీ మొదటి నుంచి అదే నవ్వట! ఈ మాట మొదట చెప్పింది మా మేడమే. "చీకటి పడ్డాక అటు వెళ్లకండి, తర్వాత నన్ననుకుని లాభం లేదు" అని ఓనరమ్మే గొంతు తగ్గించి చెప్తే మేమెందుకు వెళ్తాం?

వెళ్లింది ధైర్యం. మా ఇస్త్రీ మనిషి. బొద్దింకను చూస్తే బల్లెక్కుతాడని మేం పెట్టిన పేరది. జరిగిందంతా అతను చెప్పగా విన్నాను. చెప్తూ చెప్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

ఆ సాయంత్రం షాపు మూసి అందరం వెళ్లిపోయాం. సగం దారిలో ధైర్యం ఆగిపోయాడు — ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీశానా, లేదా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. తనను తాను తిట్టుకుంటూ వెనక్కి వచ్చాడు. పక్క తలుపు తాళం తీసి ఉంది. లోపల లైట్లు లేవు. గోడ తడుముకుంటూ వెళ్లి చూస్తే ప్లగ్గు తీసే ఉంది.

హమ్మయ్య అనుకుని వెనుదిరగబోయాడు...

కిలకిల.

నవ్వు ఆగింది. మళ్లీ అదే నవ్వు... అక్కడే తెగింది. పారిపోదామంటే స్టోర్ రూమ్ దాటితే గాని బయటి తలుపు రాదు. గోడకు వీపు ఆనించి అడుగులో అడుగు వేశాడు. తలుపు సందులోంచి నీలం వెలుతురు పడుతోంది. చూడకూడదు అనుకుంటూనే చూశాడు.

వేలాడుతున్న కోట్ల మధ్య — ముఖం. ఒక్క ముఖమే! కింద నుంచి నీలంగా వెలుగుతోంది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

"ఇదీ అబద్ధమే చెప్తోంది..." అని గొణుగుతోంది. "ఇదీ అబద్ధమే..."

"అమ్మోయ్!"

"ఒరేయ్ ధైర్యం! అరవకు... నేనేరా."

మేడం. పని వేళ ఫోన్ ముట్టుకుంటే జీతం కోస్తానని మమ్మల్ని రోజూ ఊదరగొట్టే మేడం చేతుల్లో రెండు ఫోన్లు! ఆవిడ సిగ్గుతో తలెత్తలేకపోయింది.

మేడం చెల్లెలు ఈ షాపులోనే పని నేర్చుకుంది. నిరుడు అక్కతో విడిపోయి, వెనక వీధిలో సొంత లాండ్రీ పెట్టుకుంది. "చచ్చినా నీ ముఖం చూడను" అని మేడం అందరి ముందూ అరిచింది. అప్పుడు నేను కౌంటర్లోనే ఉన్నాను. తర్వాత చెల్లెలికి పాప పుట్టింది. మేడం ఆ ఇంటి గడప తొక్కలేదు.

"కానీ రోజూ చూస్తున్నానురా," అంది మేడం. "అది ఫోన్లో స్టోరీలు పెడుతుంది. ఒక్క రోజుండి మాయమైపోతాయి. మామూలుగా తెరిస్తే, నేను చూసినట్టు దానికి నా పేరు కనపడుతుంది. పేరు పడకుండా చూపించే సైట్లున్నాయి. వాటిలో చూస్తున్నా... దొంగలా."

ఎవరూ ఇటు రాకుండా దెయ్యాన్ని పుట్టించింది కూడా తనేనట.

"నిన్న సామాన్లు సర్దిన అట్టపెట్టెలు చూపించింది. షాపు ఎత్తేస్తోందిరా. ఎక్కడికి పోతోందో... ఏ ముఖం పెట్టుకుని అడగను?"

ఒక ఫోన్లో మేడం సొంత ఖాతా. చెల్లెలి ఫొటో చుట్టూ ఆకుపచ్చ వలయం, అంటే కొత్త స్టోరీ ఉన్నట్టు. రెండో ఫోన్లో ఆ సైట్లు. ఒకటి పాప పాత నవ్వునే తిప్పి తిప్పి వేస్తోంది. ఒకటి పాస్‌వర్డ్ చెప్పమంటోంది. మిగతావి ఏమీ లేదంటున్నాయి.

"కొన్ని నెలలుగా ఇదే వరస. ఈ వలయం ఉందంటుంది, ఆ సైట్లు లేదంటాయి. ఏది నమ్మాలో తెలీక ఒక్కొక్కటే పోల్చి చూస్తున్నా..."

అప్పుడే వెనక హ్యాంగర్ మీంచి కోటొకటి జారి ధైర్యం భుజాన పడింది. కెవ్వుమని మేడం చెయ్యి పట్టేసుకున్నాడు. ఆ కంగారులో ఆవిడ వేలు వెళ్లి ఆకుపచ్చ వలయం మీద పడింది.

స్టోరీ తెరుచుకుంది. చెల్లెలు. ఒళ్లో పాప.

"అక్కా, ఇది నీ ఒక్కదానికే కనపడేట్టు పెడుతున్నా. పాప పుట్టినప్పటి నుంచీ రోజూ పెడుతున్నా. నువ్వు చూడట్లేదు, రోజూ చెరిగిపోతోంది. రేపు పొద్దున్నే ఊరొదిలి వెళ్లిపోతున్నాం. ఇదే ఆఖరిది."

సైట్లు అబద్ధం చెప్పలేదు. అందరి కోసం పెట్టినవే వాటికి కనపడతాయి. అక్క కోసం పెట్టినవి అక్క పేరుకే తెరుచుకుంటాయి. అన్ని నెలలవీ చూసే మనిషి లేక చెరిగిపోయాయి.

"నా పేరు పడిపోయిందిరా..." అంది మేడం.

కాసేపటికి... ముందు షట్టర్ మీద ఎవరో తట్టారు. నెమ్మదిగా. మళ్లీ తట్టారు.

"నువ్వెళ్లి తియ్యరా," అంది మేడం, రెండు చేతులతో ముఖం కప్పుకుని. "దాని ముఖం చూడనన్నదాన్ని... ఇప్పుడు నా ముఖమెలా చూపించను?"

ధైర్యం వెళ్లి షట్టర్ సగం లేపాడో లేదో — చీకట్లోంచి కిలకిల.

అదే నవ్వు. ఈసారి సగంలో తెగలేదు.